డయ్యూ: కోట దక్కినా దక్కని వర్తకం

కథియవార్ ద్వీపకల్పానికి దక్షిణపు అంచున, పోటు వేళ నిండుగా పారి ఆటు వేళ బురద తేలే ఒక సన్నని సముద్రపాయకు ఇవతల గుజరాత్ నేల, అవతల డయ్యూ దీవి ఉన్నాయి. తూర్పు పడమరలుగా సుమారు పదకొండు కిలోమీటర్ల పొడవున సాగిన ఈ దీవికి ఉత్తరాన పర్రభూములూ ఉప్పుమడులూ, దక్షిణాన అలలు కోసిన సున్నపురాతి గట్లూ ఉండగా, పట్నమూ రేవూ మాత్రం పాయ సముద్రంలో కలిసే తూర్పు కొసన ఒదిగి ఉన్నాయి. వానలు తక్కువ, మంచినీరు అంతంతమాత్రం, చెప్పుకోదగ్గ పంట లేదు. ఇటువంటి చోటు కోసం పదహారో శతాబ్దంలో గుజరాత్ సుల్తానులూ, ఈజిప్టు మామ్లూకులూ, ఒట్టోమన్ తురుష్కులూ, పోర్చుగీసులూ నౌకాదళాలతో ఎందుకు తలపడ్డారన్న ప్రశ్నకు జవాబు దీవిలో కాక దానికి తూర్పున ఉన్న ఖంభాత్ సింధుశాఖలో దొరుకుతుంది.

సింధుశాఖ అంటే మూడు వైపులా నేల కమ్ముకున్న సముద్రభాగం. ఖంభాత్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది కనుక పోటు నీరు వెడల్పుకు చోటు చాలక ఎత్తుకు లేస్తుంది. భావనగర్ దగ్గర ఆటుపోట్ల మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. దీనికి తోడు సాబర్మతి, మహి, నర్మద, తాపి నదులు తెచ్చే ఒండ్రు ఇసుక మేటలై, ఓడదారులను మార్చేస్తూ ఉంటుంది. మధ్యయుగాల్లో గుజరాత్ వస్త్రాలకూ నీలిమందుకూ ముఖ్యమైన సంత అయిన ఖంభాత్ నగరం సరిగ్గా ఈ ఇరుకు కొసన ఉండడంతో, ఎర్రసముద్రం నుంచి, హోర్ముజ్ నుంచి, మలక్కా నుంచి వచ్చే భారీ ఓడలు అక్కడిదాకా వెళ్లే సాహసం చేయక బయటి రేవుల్లో లంగరు వేసి, సరుకును లోతు తక్కువ పడవల్లోకి మార్చేవి. డయ్యూ అలాంటి బయటి రేవు. అంటే దాని ఐశ్వర్యం తన సరుకు వల్ల కాక, ఇతరుల సరుకు ఆగక తప్పని చోట ఉండడం వల్ల వచ్చింది.

ఈ సంగతిని అందరికన్నా బాగా గ్రహించినవాడు మాలిక్ అయాజ్. బానిసగా వచ్చి, సుల్తాన్ మహమూద్ బేగడా కొలువులో ఎదిగి, డయ్యూ పాలకుడైన ఇతడు గోడలు కట్టించి, పాయ ముఖద్వారంలో సముద్రపు బురుజు లేపి, శత్రునౌకలు చొరబడకుండా అడ్డంగా గొలుసు వేయించాడు. అంతకన్నా ముఖ్యం, ఏ దేశపు వర్తకుడికైనా రేవును తెరిచి ఉంచాడు. 1509 ఫిబ్రవరి 3న డయ్యూ ఎదుట పోర్చుగీసు వైస్రాయ్ ఫ్రాన్సిస్కో ద అల్మైదా మామ్లూకుల నౌకాదళాన్నీ, దానికి తోడైన గుజరాత్, కోళిక్కోడు ఓడలనూ ధ్వంసం చేశాడు. హిందూ మహాసముద్రం పోర్చుగీసుల వశమైన రోజుగా పాఠ్యపుస్తకాలు దీన్ని చెబుతాయి గాని, ఆ మాటలో అతిశయోక్తి ఉంది: గెలిచిన అల్మైదా డయ్యూను తీసుకోలేదు, అయాజ్ బందీలను అప్పగించి సంధితో గట్టెక్కాడు, 1522లో మరణించేదాకా రేవును చేజారనివ్వలేదు. 1531లో పోర్చుగీసు గవర్నర్ నునో ద కున్యా పెద్ద దండుతో వచ్చి కూడా ఉత్తచేతులతో మరలిపోయాడు.

చివరికి కోట తలుపు తెరిచింది సముద్రం కాదు, నేల మీది యుద్ధం. 1535లో మొఘల్ చక్రవర్తి హుమాయూన్ చేతిలో ఓడిన గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా, సాయం ఆశించి పోర్చుగీసులకు డయ్యూలో కోట కట్టుకునే అనుమతి ఇచ్చాడు. మొఘల్ ముప్పు తొలగి, ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవాలని చూస్తుండగా 1537 ఫిబ్రవరిలో పోర్చుగీసులతో జరిగిన ఘర్షణలో డయ్యూ సముద్రంలోనే ప్రాణం కోల్పోయాడు. 1538లో సూయజ్ నుంచి ఒట్టోమన్ నౌకాదళాన్ని నడిపించుకొచ్చిన సులేమాన్ పాషా ముట్టడీ, 1546లో గుజరాత్ సేనలు నెలల తరబడి సాగించిన రెండో ముట్టడీ కోటను ఛిన్నాభిన్నం చేశాయే తప్ప పట్టుకోలేకపోయాయి. రెండోసారి గవర్నర్ జువావ్ ద కాస్త్రో స్వయంగా వచ్చి ముట్టడిని ఛేదించాక, కోట పునర్నిర్మాణానికి గోవా పౌరులను అప్పు అడుగుతూ తన గడ్డపు వెంట్రుకలను తాకట్టుగా పంపాడని పోర్చుగీసు చరిత్రకారులు గర్వంగా చెబుతారు. గర్వం మాట ఎలా ఉన్నా, ఖజానా ఖాళీగా ఉందన్నది అందులోని అసలు విషయం.

ఇప్పుడు చూస్తున్న కోట చాలావరకు ఆ తర్వాతిదే. దీవి రాతినే తొలిచి, మూడు పక్కలా సముద్రం ఉన్న కొసను నాలుగో పక్క కందకంతో వేరు చేసి కట్టిన ఈ దుర్గం ఆనాటి ఫిరంగి యుద్ధానికి తగిన నిర్మాణం. అయితే ఫిరంగి ఓడను ఆపగలదు గాని వర్తకుణ్ని రప్పించలేదు. పోర్చుగీసులు ‘కర్తాజ్’ అనే పద్ధతి పెట్టారు: ప్రతి వర్తక నౌక తమ అనుమతి పత్రం కొని, తాము చెప్పిన రేవులో ఆగి సుంకం కట్టాలి, లేకుంటే స్వాధీనమవుతుంది. మాలిక్ అయాజ్ కాలంలో లాభం చూసి ఆగిన ఓడలు ఇప్పుడు భయంతో ఆగాయి. 1573లో అక్బర్ గుజరాత్‌ను జయించాక సూరత్ మొఘల్ సామ్రాజ్యపు ముఖ్య రేవైంది. 1612లో సూరత్ దగ్గరి సువాలీ వద్ద ఆంగ్లేయులు పోర్చుగీసు నౌకలను ఓడించాక కర్తాజ్ భయం కూడా సన్నగిల్లింది. 1668లో ఒమాన్ అరబ్బులు డయ్యూ పట్నాన్ని కొల్లగొట్టేనాటికి అది పాత ప్రాభవం పోగొట్టుకున్న రేవు.

అయినా డయ్యూ కథ అక్కడితో ముగిసిందనడం సరికాదు. స్థానిక గుజరాతీ వర్తకులకు పోర్చుగీసు జెండా మరో దారి చూపింది. 1686లో వారి సంఘానికి డయ్యూ, మొజాంబిక్‌ల మధ్య వర్తకంపై గుత్తాధికారం దక్కగా, కథియవార్, జంబూసర్ మగ్గాల వస్త్రాలు ఆఫ్రికాకు వెళ్లి దంతంగా తిరిగివచ్చేవి. బానిసలుగా మనుషులు కూడా ఆ ఓడల్లోనే వచ్చారు. పోర్చుగీసుల అధికారం లెక్కల్లో క్షీణదశగా కనిపించే కాలమే వర్తకుల లెక్కల్లో లాభసాటి కాలం. అది కూడా పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి ఎదుగుదల ముందు నిలవలేదు.

1961 డిసెంబరు 19న భారత సేనల ముందు లొంగిపోయిన ఈ దీవి గోవా, డామన్‌లతో కలిసి కేంద్రపాలిత ప్రాంతమై, 1987లో గోవా రాష్ట్రమయ్యాక డామన్‌తోనూ, 2020 నుంచి దాద్రా నగర్ హవేలీతోనూ జతకూడింది. 2011 లెక్కల ప్రకారం యాభై రెండు వేల జనాభా గల జిల్లాకు ఇప్పుడు పడమటి కొసన వనక్‌బారాలో చేపల వేట, తూర్పున కోటకు వచ్చే పర్యాటకులు ఆధారం. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌ను ఆనుకుని ఉండడమే ఆ పర్యాటకంలో పెద్ద భాగానికి కారణమన్నది అందరికీ తెలిసిన సంగతే. మరో ఆదాయం బయటి నుంచి వస్తుంది. భారత్‌లో విలీనానికి ముందు ఇక్కడ పుట్టినవారినీ వారి సంతతినీ పోర్చుగల్ చట్టం తన పౌరులుగా గుర్తిస్తుంది కనుక అనేక కుటుంబాలు ఆ పాస్‌పోర్టుతో లిస్బన్‌కూ, అక్కడి నుంచి లెస్టర్ వంటి బ్రిటిష్ నగరాలకూ చేరాయి. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగి 2020 డిసెంబరు 31తో స్వేచ్ఛా రాకపోకలు ముగియడంతో, కొత్తగా వెళ్లేవారికి ఆ రెండో మజిలీకి వీసా తప్పనిసరి అయింది.