కాసే చెట్టు మీద చెయ్యి

బెండకాయ లేతదో ముదురుదో తేల్చడానికి మా ఇంట్లో ఒకటే పరీక్ష. కొసని బొటనవేలితో వంచాలి. టప్పుమని విరిగితే వంటింటికి, వంగి నార సాగితే ఎరువు గుంతకి. మొన్న పొద్దున పదకొండు కాయలు కోస్తే నాలుగు తప్పాయి. శ్రావణంలో ఇదే వరుస రోజు విడిచి రోజు అరకిలో ఇచ్చింది. ఇప్పుడు మొక్కలు నా భుజాల ఎత్తుకి సాగి, చిటారున ఎక్కడో ఒక పువ్వు పూస్తున్నాయి. కింద ఆకులు రాలిపోయిన మచ్చలు కణుపు కణుపుకీ లెక్కపెట్టుకోవచ్చు. మిగిలిన ఆకుల్లో ఈనెలు పసుపు దారంతో అల్లిన వలలా తేలాయి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు అది.

"ఈ బెండ వరుస పీకేస్తానమ్మా. ఇక్కడ క్యాబేజీ పెట్టాలి" అన్నాను.

అమ్మ చాటలో మెంతులు ఏరుకుంటోంది. తల ఎత్తలేదు. "కాసే చెట్టు మీద చెయ్యి వేస్తావురా? పూత ఉందిగా. నాలుగు రోజులు ఆగు."

పోయినేడు ఈ మాట విని ఆగాను. ఆ నాలుగు రోజులు దీపావళి దాకా సాగాయి. పండగ వెళ్ళాక బెండ పీకి, కార్తీకంలో నారు పోసి, డిసెంబరు సగంలో కాలీఫ్లవర్ మొక్కలు నాటాను. విత్తనాల కొట్లో ఏ రకం అని అడగలేదు, అతను చెప్పలేదు. ప్యాకెట్ మీద తెల్లటి పువ్వు బొమ్మ ఉంది, ఏ నెలలో చల్లాలో మాత్రం లేదు. మొక్క జానెడు ఎదగకముందే నడిమధ్యలో పువ్వు తొంగి చూసింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. వారం చూశాం, పది రోజులు చూశాం. నిమ్మకాయంత అయింది, అక్కడితో ఆగిపోయి పసుపు తిరిగింది. పన్నెండు మొక్కల పువ్వులు కలిపితే ఒక పూట వేపుడుకి రాలేదు.

తప్పు మట్టిది కాదు, ఎరువుది కాదు. కాలీఫ్లవర్‌లో తొందర రకాలు, నడిమి రకాలు, ఆలస్యపు రకాలు అని వేరువేరుగా ఉంటాయి. పువ్వు కట్టడానికి ఒక్కో దానికి ఒక్కో పాటి చల్లదనం కావాలి. తొందర రకం కాస్త వేడిలోనూ పువ్వు కడుతుంది కాబట్టి వానలుండగానే నారు పోయాలి. దాన్ని తీసుకెళ్ళి చలిలో నాటితే, ఒళ్ళు పెరగకముందే చల్లదనం తగిలి గుండీలంత పువ్వులు పెడుతుంది. ఆలస్యపు రకాన్ని ముందుగా వేస్తే దానికి విరుద్ధం. ఆకులే ఆకులు, పువ్వు మాట ఎత్తదు. ఈ కూర 1822లో ఇంగ్లండు నుంచి సహరాన్‌పూర్‌లోని కంపెనీ వారి తోటకి వచ్చిందని ఉద్యాన శాస్త్ర గ్రంథాల్లో ఉంటుంది. మన ఎండలకి తట్టుకునే రకాలు ఇక్కడ ఎంచి ఎంచి పెంచగా వచ్చినవే. మా అమ్మ మటుకు క్యాబేజీని, దీన్ని ఇప్పటికీ ఇంగ్లీషు కూరలనే అంటుంది.

ఇంగ్లీషు వాళ్ళ కూరలతో పాటు వాళ్ళ లెక్క కూడా మనం అరువు తెచ్చుకుంటున్నాం. ఫోన్‌లో కనబడే తోట పాఠాలు సగం చలిదేశాలవి. వాళ్ళకి మంచు గడువు. న్యూజెర్సీలో ఉండే మా మేనకోడలు ఏటా అక్టోబరులో ఒక రాత్రి ఫోన్ చేస్తుంది. "మావయ్యా, ఇవాళ రాత్రి మంచు పడుతుందట. కాయలన్నీ కోసేశాను, కరివేపాకు కుండీ లోపల పెట్టాను" అంటుంది. తెల్లారేసరికి ఆమె బెండ, ఆనప, గోంగూర అన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లబడి వేలాడతాయి. పీకాలా వద్దా అని అక్కడ ఎవరూ అమ్మని అడగక్కర్లేదు. మంచే పీకేస్తుంది. అందుకని అక్కడివాళ్ళు మంచు పడే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని ముల్లంగి ఎప్పుడు, పాలకూర ఎప్పుడు అని రాసుకుంటారు.

మన రాజమండ్రిలో అలా గడ్డకట్టే మంచు పడదు. మా బెండ మొక్క సంక్రాంతికి కూడా బతికే ఉంటుంది, వారానికి మూడు కాయలిస్తూ. చంపేవాళ్ళు లేకపోవడమే ఇక్కడి చిక్కు. మన గడువు ముందు లేదు, వెనక ఉంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నారు పెద్దలు. చలి పోయాక క్యాబేజీ గడ్డ బిగవదు, బిగిసినా పగులుతుంది. కొత్తిమీర పువ్వుకి పోతుంది. కాబట్టి మనం వెనక్కి లెక్కపెట్టాల్సింది శివరాత్రి నుంచి. క్యాబేజీకి నారుమడిలో ఇరవై అయిదు నుంచి ముప్పై రోజులు. గోల్డెన్ ఏకర్ లాంటి తొందర రకానికి నాటాక రెండు నెలలు, ఇంకో పది రోజులు అటూ ఇటూ. సెప్టెంబరు మొదటి వారంలో గింజ పడితే అక్టోబరు మొదటి వారానికి నాటు, డిసెంబరులో గడ్డ. నవంబరు సగంలో గింజ వేస్తే, గడ్డ బిగవాల్సిన రోజులకి ఫిబ్రవరి ఎండ మొదలవుతుంది. మధ్యలో పోయిన ఆ రెండు నెలలూ నేను పోయినేడు ఇరవై బెండ మొక్కలకి దానమిచ్చాను.

ఇప్పుడు పుబ్బ కార్తె. సెప్టెంబరు 13న ఉత్తర వస్తుంది, నెలాఖరుకి హస్త. పెరడు ఇంత నిండుగా ఏడాదిలో మళ్ళీ ఉండదు. మా రెండు సెంట్ల జాగాలో పందిరి మీద బీర, గోడ మీద ఆనప, దడికి కాకర, మూల దొండపాదు. సాయంత్రం నాలుగున్నరకి బీరపూలు విచ్చుకుంటాయి, చీకటి పడుతుండగా ఆనప తెల్లగా పూస్తుంది. ఈ నిండుదనంలో నిలబడి డిసెంబరు గురించి ఆలోచించమంటే మనసు రాదు. కడుపు నిండినప్పుడు రేపటి వంట ఎవడికి గుర్తొస్తుంది? అయినా ఆలోచించాల్సింది ఈ వారమే.

అమ్మకీ నాకూ ఈ ఏడు రాజీ కుదిర్చింది ఒక ప్లాస్టిక్ ట్రే. తొంభై ఎనిమిది గుంటలది, కొబ్బరిపొట్టు నింపి గుంటకో గింజ. చాప పరిచినంత జాగా కూడా అడగదు. నారు పెరిగే నెల రోజులూ బెండని అమ్మ కోరినట్టే ఉండనిస్తాను, నారు అందుకున్న రోజున పీకుతాను. నేల మీద నారుమడి పోసేవాళ్ళు మడిని జానెడు ఎత్తు చెయ్యాలి. ఈ ముసుర్లకి నీరు నిలిస్తే మొలక మొదలు మెత్తబడి, దారం తెగినట్టు ఒరిగిపోతుంది. నారుకుళ్ళు అంటారు. గింజలకి ముందే ట్రైకోడెర్మా విరిడి పట్టిస్తే చాలామటుకు తప్పుతుంది.

ట్రేలో ఇంకో సుఖం ఉంది. కోస్తాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ విశాఖ మీద పడ్డది 2014 అక్టోబరు 12న, తిత్లీ శ్రీకాకుళం కొబ్బరి తోటల్ని పడగొట్టింది 2018 అక్టోబరులో. మనం నారు నాటే వేళకే తుపాన్లూ వస్తాయి. వాయుగుండం కబురు తెలియగానే ట్రేని వసారాలో పెట్టేసుకోవచ్చు, మడిని పెట్టుకోలేం. నేను పది రోజుల తేడాతో రెండు ట్రేలు పోస్తున్నాను. మొదటిది కొట్టుకుపోతే రెండోది.

ఏది పీకాలి, ఏది ఉంచాలి అన్నది అన్నింటికీ ఒకలా ఉండదు. వంగని పీకక్కర్లేదు. అడుగున్నర ఎత్తు ఉంచి కొమ్మలు కత్తిరించేసి, మొదట్లో రెండు దోసిళ్ళ పశువుల ఎరువు వేస్తే కొత్త చిగురు వేసి చలికాలమంతా కాస్తుంది. అమ్మకి ఇది నచ్చింది, చెట్టు ఉంటుంది కాబట్టి. దొండపాదు జోలికి వెళ్ళొద్దు. కాకర, ఆనప మాత్రం పండు ఈగకి అప్పజెప్పి కూర్చోకూడదు. పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, దాని చుట్టూ జిగురు కనబడితే ఆ కాయ ఇక వంకరే. రాలినవి ఏరి లోతుగా పాతెయ్యాలి. గోడవార పారేస్తే ఈగ అక్కడే పుట్టి మళ్ళీ పందిరెక్కుతుంది.

బీర ఆకులు పలచబడి పందిరి కింద మచ్చలు మచ్చలుగా ఎండ పడుతోందంటే మెంతికూరకీ కొత్తిమీరకీ అదే చోటు. మెంతులు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరక్కుండా కోసుకోవచ్చు. ధనియాలు ఉన్నవి ఉన్నట్టు జల్లి, మొలవలేదని కొట్టువాణ్ణి తిట్టేవాళ్ళు చాలామంది. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. పీట మీద పోసి సీసా దొర్లించి రెండు బద్దలు చేసి జల్లాలి. ముల్లంగి, క్యారెట్ నారు పోసేవి కావు, మడిలోనే గింజ పడాలి. పీకి నాటిన క్యారెట్ దుంప రెండు కాళ్ళుగా చీలుతుంది.

చిక్కుడు కథ వేరు. ఆషాఢంలో పెట్టిన పందిరి చిక్కుడు ఇప్పుడు తీగలు బారెడు బారెడు సాగి, ఒక్క పువ్వు లేకుండా పచ్చగా ఉంటుంది. మొండిదని కొందరు ఈ రోజుల్లోనే కోసేస్తారు. తొందరపడొద్దు. అది పగటి పొడుగుని చూసి పూస్తుంది. ఈ నెల 22, 23 దాటాక రాత్రి పగటికంటే పెద్దదవుతూ వస్తుంది. మన దగ్గర జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రమారమి రెండు గంటలే, ఆ కాస్త తేడాని ఈ తీగ పసిగడుతుంది. కార్తీకంలో గెలలు వేసి, రథసప్తమి నాడు రథం కట్టడానికి కాయలూ, పరమాన్నం పెట్టడానికి ఆకులూ ఇచ్చేది ఇదే. పెరట్లో ఆగాల్సిన చెట్టు ఏదైనా ఉంటే ఇది.

పీకిన చోట ఏం పెట్టాలో కూడా కాగితం మీద గీసుకోండి. నేను పాత క్యాలెండర్ వెనక గీస్తాను. వంగ తీసిన చోట టమాటా పెట్టొద్దు. రెండూ ఒకే కుటుంబం, ఒకదాని ఎండు తెగులు రెండోదానికి అంటుతుంది. బెండ పీకినప్పుడు వేళ్ళు దులిపి చూడాలి. రుద్రాక్షల్లా బుడిపెలుంటే నులిపురుగు పట్టిందన్నమాట. అక్కడ ఈసారి కూర మానేసి బంతి పెట్టడం మేలు. బంతి వేళ్ళు ఆ పురుగుని తగ్గిస్తాయి. క్యాబేజీ మడి అంచున నాలుగు ఆవాలు జల్లితే ఆకుని జల్లెడ చేసే పురుగు ముందు వాటి మీదికి పోతుంది.

పెరడు లేదనేవాళ్ళకి మిద్దె ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరలు పండించి చూపించారు. కుండీల్లో పెంచేవాళ్ళకి ఒక వెసులుబాటు కూడా. కాసే మొక్క కుండీని పక్కకి జరిపి కొత్తదానికి ఎండ ఇవ్వొచ్చు. నాకు ఆ అదృష్టం లేదు, నా నేల జరగదు.

ఒక్క పని మాత్రం పీకే ముందే చెయ్యాలి. ప్రతి పాదుకీ ఒక కాయ విత్తనానికి వదలండి. చివరి పిందె కాదు, మంచి కాపులో వచ్చిన నిండు కాయ. తెగులు సోకిన మొక్కది అసలే వద్దు. బీరకాయ తీగ మీదే ఎండి గలగలమంటే విత్తనమూ మీదే, ఒళ్ళు రుద్దుకునే పీచూ మీదే. హైబ్రిడ్ ప్యాకెట్ నుంచి వచ్చిన కాయకి మాత్రం ఈ శ్రమ పడకండి, దాని పిల్లలు తల్లిని పోలవు. అమ్మ శ్రావణంలోనే వరుస చివర తెగులు లేని ఒక బెండ మొక్కకి ఎర్ర దారం కట్టింది. ఆ మొక్క మీది కాయలు మూడు ఎండి నెర్రెలు విడిచాయి. వాటి గింజల్ని బూడిద కలిపి పాత హార్లిక్స్ సీసాలో పోసి, మూతకి గుడ్డ చుట్టింది.

గింజలు సీసాలో పడ్డాక ఆవిడే అంది, "సరేరా, నారు అందాక పీకు" అని. ట్రేలో నిన్నటికి అరవై మూడు మొలిచాయి. హస్త వచ్చాక మొదటి ఆదివారం బెండ పీకుతున్నాను. మీ పెరట్లో గింజ ఇంకా పడకపోతే, ఈ పూట ఒక ట్రే కొనండి.