అనుమతి ఆగితే పెట్టుబడికి ఆసరా, కార్మికుడికి గేటు బయట దారి



2025 ఆగస్టు 22న అమెరికా ప్రభుత్వం ఒక ఉత్తర్వు పంపింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం ఒడ్డుకు దూరంగా, సముద్రంలో కడుతున్న ‘రెవల్యూషన్ విండ్’ అనే గాలిమరల ప్రాజెక్టులో పని ఆపివేయాలన్నది ఆ ఉత్తర్వు సారాంశం. మొత్తం 65 గాలిమరలు నిలబెట్టాలి. అప్పటికే 45 నిలబడ్డాయి. పని నూటికి 80 పాళ్ళు అయిపోయింది. పూర్తయితే 704 మెగావాట్ల కరెంటు, అంటే రోడ్ ఐలండ్, కనెక్టికట్ రాష్ట్రాలలో మూడున్నర లక్షల ఇళ్ళకు సరిపడే కరెంటు వస్తుంది. ఇందులో సగం వాటా డెన్మార్కు దేశపు ఓర్‌స్టెడ్ కంపెనీది. సముద్రంలో గాలిమరలు కట్టే కంపెనీలలో ప్రపంచంలో పేరున్నది ఇదే.

ఇది దొంగచాటుగా మొదలుపెట్టిన పని కాదు. సముద్రం మీద, చేపల మీద, తిమింగలాల మీద ఎలాంటి ప్రభావం పడుతుందో పరిశీలించి, షరతులు పెట్టి, 2023లో అదే అమెరికా ప్రభుత్వ శాఖ అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. కొత్త అధ్యక్షుడు ట్రంప్ పదవి చేపట్టిన రోజునే, 2025 జనవరి 20న, సముద్రపు గాలిమరలకు కొత్త అనుమతులు నిలిపివేశారు. ఏప్రిల్‌లో నార్వే కంపెనీ ఈక్వినార్ న్యూయార్కు దగ్గర కడుతున్న ప్రాజెక్టును ఆపించారు, మే నెలలో మళ్ళీ వదిలారు. ఆగస్టులో రెవల్యూషన్ విండ్ వంతు వచ్చింది. దేశ భద్రత అన్న మాట చెప్పారేగాని, ఆ భద్రతకు వచ్చిన ముప్పేమిటో ఆనాడు వివరించలేదు.

రింగ్ ఫ్రేము దగ్గర, సాంచాల దగ్గర నిలబడే మనకు ఈ గొడవతో పనేమిటని కొందరు అడగవచ్చు. పని ఉంది. తమిళనాడులో పల్లడం, ఉడుమలపేట వైపు, ముప్పందల్ కనుమ వైపు బస్సులో వెళ్ళినవారు వరుసగా తిరిగే గాలిమరలు చూసే ఉంటారు. వాటిలో చాలా వాటికి సొంతదారులు మన మిల్లుల యాజమాన్యాలే. నూలు మిల్లు నడవాలంటే పత్తి తర్వాత పెద్ద ఖర్చు కరెంటుదే. కనుక గాలి కరెంటు అనుమతులు, రంగు నీళ్ళ అనుమతులు, పొల్యూషన్ బోర్డు అనుమతులు అన్నీ చివరికి మన షిఫ్టు దాకా వస్తాయి. అనుమతి అటూ ఇటూ అయినప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది మన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఓర్‌స్టెడ్ కథ మంచి పాఠం.

ముందు పెట్టుబడి సంగతి చూద్దాం. అమెరికాలో గాలి ఎటు వీస్తుందో తెలియక, ఓర్‌స్టెడ్ అక్కడ కడుతున్న మరో ప్రాజెక్టులో వాటా కొనేవారు దొరకలేదు. డబ్బు కటకట వచ్చింది. 2025 ఆగస్టు 11న కంపెనీ 6,000 కోట్ల క్రోనర్లకు కొత్త షేర్లు అమ్ముతామని ప్రకటించింది. ఆ ఒక్క రోజే షేరు ధర దాదాపు నూటికి 30 పాళ్ళు పడిపోయింది. పని ఆపమన్న ఉత్తర్వు వచ్చాక మార్కెట్టు తెరిచిన మొదటి రోజు, ఆగస్టు 25న, మరో 16 పాళ్ళు పడింది. పని ఆగినందువల్ల రోజుకు 20 లక్షల డాలర్లకు పైగా నష్టమని కంపెనీ కోర్టుకు చెప్పుకుంది. ఇవన్నీ ప్రపంచంలోని పెద్ద పత్రికలు మొదటి పేజీలో రాశాయి. ‘పెట్టుబడిదారులకు భరోసా లేదు’ అని అందరూ విచారించారు.

ఆ భరోసా తిరిగి ఎలా వచ్చిందో గమనించండి. డెన్మార్కు ప్రభుత్వానికి ఆ కంపెనీలో 50.1 శాతం వాటా ఉంది. తన వాటా మేరకు కొత్త షేర్లు తానే కొంటానని ఆ ప్రభుత్వం ముందుకొచ్చింది. అంటే ప్రజల ఖజానా వెనక నిలబడింది. షేర్లు అక్టోబరు మొదటికల్లా దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి. ఇటు కోర్టుకు వెళ్ళారు. సెప్టెంబరు 22న, సరిగ్గా నెల రోజులకు, వాషింగ్టన్‌లో జడ్జి రాయిస్ లాంబర్త్ ఆ ఉత్తర్వును నిలిపివేసి పని సాగనిచ్చారు. డిసెంబరు 22న ప్రభుత్వం మళ్ళీ ఐదు ప్రాజెక్టులను కలిపి ఆపింది. 2026 జనవరిలో అదే జడ్జి రెవల్యూషన్ విండ్‌ను మళ్ళీ నడవనిచ్చారు. పెట్టుబడి చిక్కుల్లో పడింది నిజమే. కాని దానికి తట్టడానికి మూడు తలుపులు ఉన్నాయి: మార్కెట్టు, ప్రభుత్వం, కోర్టు. మూడూ తెరుచుకున్నాయి.

ఇక పని చేసేవాళ్ళ సంగతి. ఆ సముద్రంలో గాలిమరలు నిలబెట్టేది యూనియన్ కార్మికులు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఓడల మీద పనివాళ్ళు, ఇనుప పనివాళ్ళు. అక్కడి నిర్మాణ కార్మిక సంఘాలు ఆ ఉత్తర్వును బహిరంగంగా ఖండించాయి. చట్టప్రకారం అనుమతి పొంది, చివరికి వచ్చిన పనిని ఆపడమంటే కార్మికుడి కంచంలో మన్ను పోయడమేనని వారి వాదన. వారి వాదన న్యాయమైనదే. నెల రోజులు సముద్రంలో పని ఆగితే షేరుదారుడు కాగితం మీద నష్టపోతాడు. ఆ కాగితం విలువ రేపు మళ్ళీ పెరగవచ్చు. పనివాడు పోగొట్టుకున్న దినకూలి మాత్రం మళ్ళీ రాదు.

అంతటితో అయిపోలేదు. అక్టోబరు 9న ఓర్‌స్టెడ్ మరో ప్రకటన చేసింది. తన 8,000 మంది ఉద్యోగులలో సుమారు 2,000 ఉద్యోగాలు 2027 చివరికల్లా తగ్గిస్తుందట. కొన్ని ఖాళీలు నింపకుండా, కొన్ని విభాగాలు అమ్మి, మిగిలినవి నేరుగా తొలగించి. కడుతున్న ప్రాజెక్టులు పూర్తవుతున్నాయనీ, ఇకపై ఐరోపా మీదనే దృష్టి పెడతామనీ, అందుకే ఇంతమంది అక్కరలేదనీ కంపెనీ చెప్పింది. కారణాలు ఎన్నయినా చెప్పనివ్వండి. షేర్లు అమ్ముడుపోయిన కొద్ది రోజులకే నాలుగో వంతు ఉద్యోగాల మీద కత్తి పడింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఏ ఉద్యోగం ఊడుతుందోనన్న ఆ కుటుంబాల దిగులు షేర్ మార్కెట్టుకు అగుపించదు. పైగా ఖర్చు తగ్గుతుందని సంతోషిస్తుంది.

ఇక్కడ మనం ఒక పొరపాటు దారి తొక్కకూడదు. కార్మికులకు నష్టం వచ్చింది కాబట్టి పర్యావరణ అనుమతులే వద్దనడం యాజమాన్యాల పాట. ఆ పాట మనం పాడనవసరం లేదు. నిజమైన పర్యావరణ నియమానికీ, పాలకుల ఇష్టాయిష్టాలకూ చాలా తేడా ఉంది. రెవల్యూషన్ విండ్‌కు 2023లో ఇచ్చిన అనుమతిలో, అరుదైన తిమింగలాలు తిరిగే జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రంలో పునాది స్తంభాలు దిగగొట్టరాదని షరతు ఉంది. ఇది నియమం. ముందే తెలుసు, పనిని దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఎనభై పాళ్ళు అయ్యాక కారణం చెప్పకుండా ఆపమనడం నియమం కాదు.

మన దేశంలోనే చూడండి. బట్టమేక పిట్ట అన్నది మన కర్నూలు సీమలో రోళ్ళపాడు దగ్గర ఒకప్పుడు బాగా కనిపించిన పక్షి. ఇప్పుడు దేశం మొత్తం మీద రెండు వందలైనా లేవు. రాజస్థాన్, గుజరాత్‌లలో సౌర, గాలి కరెంటు తీసుకుపోయే తీగలకు తగిలి ఆ పక్షులు చచ్చిపోతున్నాయని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలు భూమి కిందికి దించమంది. కంపెనీలు, కేంద్ర ప్రభుత్వం అది అంత పెద్ద ప్రాంతంలో సాధ్యం కాదన్నాయి. 2024 మార్చిలో కోర్టు ఆ ఆజ్ఞను సవరించి, నిపుణుల సంఘం వేసి, ఎక్కడ తీగలు దించాలో, ఎక్కడ అక్కరలేదో తేల్చమంది. మూడేళ్ళు కంపెనీలు అనిశ్చితిలో ఉన్న మాట వాస్తవమే. అయినా అక్కడ కారణం అందరికీ తెలుసు, సాక్ష్యం ఉంది, వాదన విన్నారు, ఆజ్ఞను దిద్దుకున్నారు. పక్షీ బతకాలి, కరెంటూ రావాలి అన్న దారి వెతికారు. ఆ దారినే మేము సమర్థిస్తాం.

తిరుప్పూరు సంగతి మీకు చెప్పనక్కరలేదు. రంగు నీళ్ళతో నొయ్యల్ నది పాడైపోయి, కింది రైతుల పొలాలు ఉప్పు కక్కి, వారు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఒక్క చుక్క మురుగునీరు బయటికి వదలరాదని కోర్టు గడువులిచ్చింది. యాజమాన్యాలు గడువు వెనుక గడువు దాటించాయి. చివరికి 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు డయింగ్, బ్లీచింగ్ యూనిట్లను మూసెయ్యమంది. రైతుది న్యాయం, కోర్టుది న్యాయం. కాని ఆ రంగు తొట్ల దగ్గర పని చేసినవాడు ఏం నేరం చేశాడు? శుద్ధి యంత్రం పెట్టకపోవడం వాడి నిర్ణయమా? తప్పు యజమానిది, మూటాముల్లె సర్దుకొని ఊరికి పోయింది పనివాడు.

అలాగే జరగాలని ఎక్కడా రాసి లేదు. 1996 జూలై 8న సుప్రీంకోర్టు ఢిల్లీ నగరంలోని 168 ప్రమాదకర పరిశ్రమలను మూసి, వేరే చోటికి తరలించమంది. వాటిలో బట్టల మిల్లులూ ఉన్నాయి. ఆ తీర్పులోనే కార్మికుల హక్కులు కూడా రాసింది. తరలే ఫ్యాక్టరీలో ఉద్యోగం కొనసాగాలి. పాత చోట మూసి కొత్త చోట తెరిచేదాకా మధ్య కాలానికి పూర్తి జీతం ఇవ్వాలి. కొత్త ఊరికి వెళ్ళడానికి ఏడాది జీతం బోనసుగా ఇవ్వాలి. తరలకుండా పూర్తిగా మూతపడే ఫ్యాక్టరీల కార్మికులకు ఇవ్వవలసిన పరిహారాన్ని అదే సంవత్సరం డిసెంబరులో ఆరేళ్ళ జీతానికి పెంచింది. అందరికీ అది చేతికి అందడం వేరే పోరాటమైంది, కాని సూత్రం మాత్రం స్పష్టం. గాలీ నీరూ కాపాడటానికి ఫ్యాక్టరీ ఆపవలసి వస్తే ఆ ఖర్చు యజమాని లెక్కలోనిది, కార్మికుడి లెక్కలోనిది కాదు.

మరి ఈ రోజు మన చట్టం ఏమంటోంది? 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో లేఆఫ్ పరిహారం మూల వేతనం, డి.ఎ.లలో సగం మాత్రమే, పాత చట్టంలో ఉన్నట్టే. ఏడాది సర్వీసు నిండని బదిలీ కార్మికుడికి అదీ లేదు. యాభై మంది కన్నా తక్కువ ఉన్న చోట అసలు వర్తించదు. ఇక లేఆఫ్‌కూ, తొలగింపుకూ, మూసివేతకూ ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలన్న నిబంధన ఇదివరకు వంద మంది ఉన్న ఫ్యాక్టరీకి ఉండేది, ఇప్పుడు మూడు వందల మందికి పెంచారు. చూశారా వింత! గాలిమర కట్టడానికి అనుమతి నిలకడగా ఉండాలని పెట్టుబడి కోరుతుంది. మనల్ని ఇంటికి పంపడానికి మాత్రం అనుమతే అక్కరలేదంటుంది. నిలకడ ఒకరికే కావాలా?

కనుక మా అభిప్రాయం ఇది. పరిశీలన పని మొదలుకాక ముందే, గట్టిగా, అందరి ముందూ జరగాలి. రైతు మాట, జాలరి మాట, కార్మికుడి మాట వినాలి. ఒకసారి ఇచ్చిన అనుమతిని సాక్ష్యం చూపకుండా, విచారణ లేకుండా ఎవరూ ఆపరాదు. నిజంగా నదికో, ప్రాణికో ముప్పు రుజువైతే ఆపవలసిందే, మనం అడ్డుపడం. యాజమాన్యం తన తప్పు కప్పుకోవడానికి ‘మా కార్మికులు వీధిన పడతారు’ అని మనల్ని ముందు నిలబెడితే ఆ డాలు కావడానికి మనం ఒప్పుకోం. కాని ఏ కారణంతో ఆగినా, ఆగిన ప్రతి రోజుకూ పర్మనెంటుకూ, బదిలీకీ, కాంట్రాక్టుకూ పూర్తి జీతం ఇవ్వాలి. ఢిల్లీలో 1996లో సాధ్యమైనది మన ఊళ్ళో ఎందుకు సాధ్యం కాదు?

తర్వాతి వేతన ఒప్పందం కోరికల పత్రంలో ఈ షరతును రాతపూర్వకంగా చేర్చాలని యూనియన్ తరఫున ప్రతిపాదిస్తున్నాం: ‘కోర్టు ఉత్తర్వు వల్లగాని, పొల్యూషన్ బోర్డు ఉత్తర్వు వల్లగాని పని ఆగిన కాలాన్ని పని చేసిన కాలంగా లెక్కించాలి.’ కోయంబత్తూరులో, షోలాపూరులో, భివండీలో, యానాంలో మన వాళ్ళు ఏ మిల్లులో ఉన్నా దీన్ని గేట్ మీటింగులో చర్చకు పెట్టండి. తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా సోదరులతో కలిసి పెట్టండి. రంగు నీళ్ళ శుద్ధి యంత్రం నడుస్తోందా, అనుమతి గడువు ఎప్పటివరకు ఉంది అన్నది యాజమాన్యాన్ని మనమే ముందుగా అడగాలి. ఉత్తర్వు గేటుకు అతికించిన రోజున అడిగితే ఆలస్యమైపోతుంది.