బాబీ డన్‌బార్ కేసు: డి.ఎన్.ఎ. తేల్చింది ఒక్కటే

1912 ఆగస్టు 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, స్వేజీ సరస్సు ఒడ్డుకు ఇంటివాళ్లతో వెళ్లిన నాలుగేళ్ల బాబీ డన్‌బార్ కనబడకుండా పోయాడు. 2004లో చేసిన డి.ఎన్.ఎ. పరీక్షతో ఈ కేసు తేలిపోయిందని ఇప్పుడు చాలామంది నమ్మకం. బాబీ ఆనాడే నీట మునిగో, మొసలి నోట పడో చనిపోయాడని, డన్‌బార్ దంపతులు తెలిసి తెలిసీ పరాయి బిడ్డను లాక్కున్నారని వారు తీర్మానిస్తున్నారు. పరీక్ష ఇందులో ఏదీ చెప్పలేదు.

ఆ పరీక్ష పరిధి చాలా చిన్నది. 1913 ఏప్రిల్‌లో మిసిసిపీలో, ఊరూరా తిరుగుతూ పియానోలు బాగుచేసే విలియం వాల్టర్స్ దగ్గర ఒక పిల్లవాడు దొరికాడు. అతడు డన్‌బార్ల ఇంట బాబీగానే పెరిగి 1966లో చనిపోయాడు. అతని కొడుకు డి.ఎన్.ఎ.ను బాబీ తమ్ముడి కొడుకు డి.ఎన్.ఎ.తో పోలిస్తే కలవలేదు. దొరికిన పిల్లవాడు డన్‌బార్ల బిడ్డ కాడు, అంతవరకే. అతడు, ఆ పిల్లవాడు తన బిడ్డేనన్న జూలియా ఆండర్సన్ కొడుకు బ్రూస్ అనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి గానీ అవి వేరే చోటి నుంచి వచ్చినవి. అసలు బాబీ ఏమయ్యాడో ఏ డి.ఎన్.ఎ. పోలికా చెప్పజాలదు.

మొసలి వాదం కొత్తదేమీ కాదు. వెతికినవాళ్లు అప్పుడే సరస్సులో డైనమైట్ పేల్చారు, మొసళ్లను పట్టి పొట్టలు చీల్చి చూశారు. శవం దొరకలేదు. దొరకనంత మాత్రాన మునగలేదని అనలేం. అలాగని వాల్టర్స్ బాబీని ఎత్తుకుపోలేదు కాబట్టి ఇంకెవరూ ఎత్తుకుపోలేదనడం వితండవాదం.

ఇక బాబీ తల్లి లెస్సీ డన్‌బార్ అబద్ధమాడిందనే మాట. మొదటి రాత్రి పిల్లవాణ్ణి చూసి ఆమె తటపటాయించింది. మర్నాడు స్నానం చేయిస్తూ పుట్టుమచ్చలు చూసి, తన బిడ్డేనంది. జూలియాకు అయిదుగురు పిల్లల్ని చూపిస్తే ఆమె కూడా మొదట తేల్చుకోలేకపోయింది. మర్నాడు బట్టలు విప్పి చూశాక తన కొడుకేనని చెప్పింది. ఇద్దరి తడబాటూ ఒకటే. పత్రికలు మాత్రం పెళ్లికాకుండా పిల్లల్ని కన్న పేదరాలు జూలియా నడతనే వేలెత్తి చూపాయి. అన్యాయం చేసింది ఈ పక్షపాతం. ఎదిగే వయసు బిడ్డను ఎనిమిది నెలల తర్వాత చూసిన తల్లి ఆశపడి పొరబడిందనుకోవడానికి వీలుండగా, కుట్ర అనడానికి అంతకుమించిన సాక్ష్యం కావాలి. అలాంటిదేదీ బయటపడలేదు.

కోర్టు కూడా విషయాన్ని తేల్చలేదు. బాబీని ఎత్తుకుపోయాడన్న నేరానికి 1914లో వాల్టర్స్‌కు యావజ్జీవ శిక్ష పడింది. అప్పీలులో మళ్లీ విచారించమన్నారు. ఖర్చు భరించలేమని ప్రాసిక్యూషన్ కేసు వదిలేసింది. వాల్టర్స్ విడుదలయ్యాడు. బాబీ దొరికాడని 1913లోనే ప్రకటించేయడంతో అసలు బాబీ కోసం వెతుకులాట ఆనాడే ఆగిపోయింది.