యాభై ఆరు శాతం అంటే ఎంత?

పసిపిల్లల్లో రోటావైరస్ తెచ్చే విరేచనాలను అడ్డుకునేందుకు హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ చుక్కల మందును కేంద్రం 2016లో టీకాల కార్యక్రమంలో చేర్చినప్పుడు, ముందుగా అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల వయసులో పసివాళ్ల నోట్లో ఐదేసి చుక్కలు వేస్తారు. బిడ్డ పుట్టిన తొలి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలపై దీని సమర్థత దాదాపు 56 శాతం. ఈ అంకె వినగానే నూటికి 56 మంది గట్టెక్కుతారని, మిగతా 44 మందికి జబ్బు ఖాయమని అనుకునేవాళ్లు చాలామంది. బాగా చదువుకున్నవాళ్లూ అందులో ఉంటారు. ఆ లెక్క తప్పు. టీకా వేయని పిల్లల్లోనూ రోటా విరేచనాలు ముదిరేది కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో టీకా ఎందరిని తగ్గించిందన్నదే సమర్థత.

ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో 6,799 మంది పసికందులపై జరిగిన పరీక్షనే చూడండి. తీవ్రమైన రోటా కేసులు టీకా వేసినవాళ్లలో 71, ఉత్తుత్తి చుక్కలు వేసినవాళ్లలో 76. ఐదే తేడా, ఇదేం మందు అనిపిస్తుంది. కానీ టీకా పడినవాళ్లు 4,532 మంది, పడనివాళ్లు 2,267 మందే. పిల్లలు రెట్టింపు ఉన్నా కేసులు ఆ లెక్కన పెరగలేదంటే ముప్పు సగానికి పైగా తగ్గినట్టే. ఏ జబ్బుకు, ఎవరితో పోలిస్తే అన్నది వదిలేసి శాతం ఒక్కటే అచ్చేస్తే (పత్రికలు తరచూ చేసే పనే) పాఠకుడికి మిగిలేది అనుమానమే. తట్టు టీకా రెండు డోసులు 97 శాతం దాకా కాపాడుతుంటే ఇది సగమేనా అని అడగొచ్చు. నోటి ద్వారా వేసే టీకాలు పేద దేశాల్లో కొంత తక్కువగానే పనిచేస్తాయి. పోషకాహార లోపం, పేగుల్లో ఇతర ఇన్ఫెక్షన్లు అందుకు కారణాలు కావచ్చని శాస్త్రజ్ఞులు అంటారు. అయితే జబ్బు ఎక్కువున్న చోట సగం తగ్గినా దక్కే ప్రాణాలు ఎక్కువ. ఈ టీకా రాకముందు దేశంలో ఏటా సుమారు 78 వేల మంది పిల్లలు రోటాకు బలయ్యేవారని అంచనా.

తల్లులకు ఈ లెక్కలెందుకు, చుక్కలు వేయించమంటే చాలదా అనేవాళ్లున్నారు. చాలదు. చుక్కలు వేయించిన నెలకే బిడ్డకు నీళ్ల విరేచనాలైతే ఆ తల్లి తర్వాతి డోసుకు రాకపోవచ్చు, పక్కింటివాళ్లనూ ఆపొచ్చు. నిజానికి ఆ విరేచనాలు ఏ బ్యాక్టీరియా వల్లో వచ్చి ఉండొచ్చు. ఈ మందు పని రోటా వరకే. ఆ మాట టీకా వేసే ఏఎన్ఎం ముందే చెప్పాలి, విరేచనాలైతే ఓఆర్‌ఎస్, జింకు ఎప్పటిలాగే వాడాలని కూడా.