తొమ్మిదో స్థానం తర్వాత

రెండు ఇంటర్వ్యూలు పోగానే 'ఇక మన వల్ల కాదులే' అనుకుంటున్నారా? జపాన్ ఆడ గుర్రం ఆల్మండ్ ఐ సంగతి వినండి. 2017లో తొలి రేసే ఓడింది. మరుసటి ఏడాది జపాన్ కప్‌లో 2,400 మీటర్లను 2 నిమిషాల 20.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టింది. అందరూ చెప్పుకొనేది ఇదే. మాకు మాత్రం 2020 ముఖ్యం.

2019 డిసెంబరులో అరిమా కినెన్ రేసులో ఎక్కువ మంది దానిపైనే పందెం కాశారు. వచ్చింది తొమ్మిదో స్థానం! తర్వాత దుబాయ్ దాకా తీసుకెళితే, కొవిడ్ వల్ల పోటీలే రద్దయ్యాయి. ఆఫర్ లెటర్ అందాక జాయినింగ్ ఆగిపోయినవాళ్లకు ఆ బాధ తెలుసు. (గుర్రానికేం బెంగ, శిక్షకుడు కునియెదాకు గానీ!) మేలో గెలిచింది, జూన్‌లో మళ్లీ ఓడింది. నవంబరులో టెన్నో షో గెలిచి, ఆఖరి రేసు జపాన్ కప్‌లో అప్పటిదాకా ఓటమే ఎరగని రెండు కుర్ర గుర్రాలనూ వెనక్కి నెట్టింది.