గాజుతో గీసిన గుండ్రం

వేసవి సెలవులకి మా చెల్లెలి పిల్లలిద్దరూ వచ్చారు. పిల్లాడికి ఏడేళ్ళు, పిల్లకి ఐదు. బడిలో చేయించారట, కాగితం రాకెట్ ఒకటి సంచీలో పెట్టుకుని తెచ్చింది చిన్నది. దీర్ఘచతురస్రం, దాని నెత్తిన త్రిభుజం, మధ్యలో గుండ్రటి కిటికీ. కిటికీలో ఒకావిడ మొహం. "ఎవరే ఈవిడ?" అంటే "వ్యోమగామి పెద్దమ్మా" అంది. పేరు తెలీదు, ఏం చేసిందో తెలీదు. ఆ మొహం పీకేసి మా పక్కింటి పిన్నిగారి ఫొటో అతికించినా రాకెట్‌కి ఏ తేడా రాదు.

ఆకారాలు కత్తిరించడం మీద నాకేం కోపం లేదండీ. ఆ వయసులో చెవితో విన్నది జారిపోతుంది, చేత్తో చేసింది నిలుస్తుంది. కానీ ఆ ఆకారం ఆ మనిషి కథలోంచే రావాలని నేనంటాను.

అందుకే మేం వాలెంటీనా తెరిష్కోవా బొమ్మ చేశాం. చిన్నప్పుడు విశాలాంధ్రలో కొన్న రష్యా పుస్తకాల పుణ్యమా అని అలాంటి పేర్లు నాకు బాగానే నోరు తిరుగుతాయి. "మన కల్పనా చావ్లా ఉండగా ఈవిడెందుకక్కా?" అంది మా తోటికోడలు. కల్పన కథ మొదలుపెడితే 2003 ఫిబ్రవరి దాకా వెళ్ళాలి. మధ్యలో ఆపి అబద్ధం చెప్పలేను, ఐదేళ్ళదానికి నిజమూ చెప్పలేను. ఇంకో రెండేళ్ళు ఆగుతాను.

తెరిష్కోవా వెళ్ళిన వోస్తోక్-6లో మనిషి కూర్చునే భాగం అచ్చంగా బంతి. అడ్డంగా కొలిస్తే సుమారు 2.3 మీటర్లు. పాత పెళ్ళి శుభలేఖ మీద నా గాజు బోర్లించి గీసుకున్నారు, గుండ్రం వచ్చేసింది. వెనక యంత్రాల భాగం, రెండు గరాటుల వెడల్పు మూతులు ఎదురెదురుగా అతికినట్టుంటుంది. కాగితం మీద రెండు సమలంబ చతుర్భుజాలన్నమాట. ఆ పేరు పిల్లల దగ్గర ఎత్తలేదు లెండి.

"మొన ఉండాలి కదా, ఇది బంతిలా ఉందేంటి?" అన్నాడు పిల్లాడు. ఇదిగో, ఈ ప్రశ్న కోసమే నేను కాచుక్కూర్చున్నది. తిరిగొచ్చేటప్పుడు గాలిలో మాడిపోయేంత వేడి పుడుతుంది. బంతి ఎటు తిరిగినా బంతే. పైగా ఒక పక్క బరువు ఎక్కువ పెడితే ఆ పక్కే ముందుకి తిరుగుతుంది. షోకేసులోంచి తంజావూరు బొమ్మ తీసి తొయ్యమన్నాను. నాలుగుసార్లు తోశాడు, నాలుగుసార్లూ లేచింది. ఇంక నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

అర్ధచంద్రం మాత్రం నేనే కత్తిరించాను. అది పారాచూట్. ఆవిడ బట్టల మిల్లులో పనిచేసే పిల్ల. సరదాకి పారాచూట్‌తో దూకడం నేర్చుకుంది, ఆ సరదాయే ఆవిణ్ణి అంతరిక్షం దాకా తీసుకెళ్ళింది. ఎందుకంటే వోస్తోక్‌లో వెళ్ళినవాళ్ళు బంతితో పాటు దిగరు. దాదాపు ఏడు కిలోమీటర్ల ఎత్తున సీటుతో సహా బయటికి వచ్చేసి, తమ పారాచూట్‌తో తాము దిగాలి. 1963 జూన్ 16న బయల్దేరి, ఒంటరిగా, దాదాపు మూడు రోజుల్లో భూమిని 48సార్లు చుట్టి, అలాగే దిగింది. అప్పటికి 26 ఏళ్ళు. దిగినచోట ఊరివాళ్ళు భోజనానికి పిలిస్తే వెళ్ళి తినేసిందట. వైద్య పరీక్షలు కాకుండా తిన్నందుకు తర్వాత చీవాట్లు. పిల్లలకి అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నాకు గుచ్చుకున్నది వేరే. రహస్యంగా ఉంచాలని ఆజ్ఞ కాబట్టి, పారాచూట్ శిక్షణకి వెళ్తున్నానని వాళ్ళమ్మకి చెప్పి వెళ్ళింది. ఆ అమ్మ కూడా మిల్లు మనిషే. భర్త యుద్ధంలో పోతే పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. కూతురు ఆకాశంలో ఉందని లోకంతో పాటే తెలిసింది ఆవిడకి.

"అమ్మకి అబద్ధం చెప్పచ్చా పెద్దమ్మా?" అంది చిన్నది. చెప్పకూడదనే అన్నాను. నిజం చెప్పి వెళ్తానంటే నేనైతే పంపేదాన్నా అని ఆలోచిస్తే, పంపేదాన్ని కాదు. మొన్న మా అమ్మాయి స్నేహితురాళ్ళతో ట్రెక్కింగ్‌కి వెళ్తానంటేనే రెండు రోజులు మాట్లాడలేదు నేను.

జిగురు ఆరాక అట్ట ఎత్తి గోడకి తగిలించబోతుంటే చిన్నది ఆపింది. శుభలేఖ ముక్క ఒకటి వెతికి, వంకరటింకర చతురస్రం కత్తిరించి, అట్ట అడుగున అంటించింది.

"ఇదేంటే?"

"రేడియో. వాళ్ళమ్మ వింటోంది."