గుర్రం సరే... కవచం కొన్నారా?

ఓ గుర్రం. దానికో కవచం. వెల రెండున్నర డాలర్లు. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా అనే అమెరికా కంపెనీ ఈ వస్తువును అమ్మకానికి పెట్టింది. గుర్రం నిజంది కాదు, కవచమూ నిజంది కాదు. అంతకు నెల ముందే విడుదలైన ‘ఎల్డర్ స్క్రోల్స్-4: ఒబ్లివియన్’ అనే వీడియోగేమ్‌లో హీరో ఎక్కి తిరిగే గుర్రానికి తొడిగే అలంకారమది. అప్పటి మారకం లెక్కన నూటపది రూపాయల పైమాటే. బోలెడు డబ్బు పోసి అసలు ఆట కొన్నవాళ్లు భగ్గుమన్నారు. తెరమీది గుర్రానికి తొడుగు కోసం మళ్లీ జేబులో చెయ్యి పెట్టాలా అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేస్తూనే కొన్నారు కూడా!

2009 ఏప్రిల్ ఫూల్స్ డే నాడు ఆ కంపెనీ మిగతా అదనపు సరుకు ధర తగ్గించి, గుర్రపు కవచం ధరను మాత్రం సరదాకి రెట్టింపు చేసింది. అప్పుడూ కొన్నవాళ్లున్నారు. 2025లో అదే ఆట కొత్త హంగులతో మళ్లీ వచ్చినప్పుడు, ఖరీదైన ఎడిషన్‌లో ఇంకో గుర్రపు కవచాన్ని జోడించారు. ఒకప్పుడు నవ్వులపాలైన వస్తువే ఇప్పుడు ఆటల వ్యాపారానికి ఆనవాయితీ అయిపోయింది.

చిటికెడు సరుకు... చేటెడు ధర

ఆటలకు అదనపు భాగాలు అమ్మడం కొత్తేమీ కాదు. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2’కు మరుసటి ఏడాదే ‘ద కాంకరర్స్’ పేరుతో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ వచ్చింది. అందులో కొత్త రాజ్యాలు, కొత్త యుద్ధాలు ఉన్నాయి. సీడీ చేయించి, అట్టపెట్టెలో పెట్టి, దుకాణాలకు పంపాలి కాబట్టి పిసరంత సరుకు అమ్మితే అప్పట్లో కంపెనీకి గిట్టుబాటయ్యేది కాదు. కాస్త నిండుగానే ఇవ్వాల్సి వచ్చేది. ఇంటర్నెట్ వేగం పెరిగాక ఆ ఇబ్బంది తీరిపోయింది. టోపీ, కత్తి, డాన్సు స్టెప్పు... దేన్నయినా విడిగా అమ్మొచ్చు. దీనికే డౌన్‌లోడబుల్ కంటెంట్ అని పేరు. ముద్దుగా డీఎల్‌సీ.

ఇలా పోగుపడిన సరుకు ఎంతవుతుందో తెలియాలంటే ‘ద సిమ్స్-4’ను చూడాలి. ఇల్లు కట్టుకుని, కుటుంబాన్ని నడుపుకునే ఆట ఇది. 2014 సెప్టెంబరులో వచ్చింది. 2022 అక్టోబరు నుంచి అసలు ఆట ఉచితం. కానీ పెంపుడు జంతువులు కావాలంటే ఒక ప్యాకు, రుతువులు మారాలంటే ఇంకో ప్యాకు. అన్నింటినీ అసలు ధరకు విడివిడిగా కొంటే వెయ్యి డాలర్లు దాటిపోతుంది. అంటే మన డబ్బుల్లో ఎనభై వేలకు పైమాటే! పెళ్లికి రమ్మని పిలిచి, కుర్చీకి ఇంత, విస్తరికి ఇంత అని లెక్క కట్టినట్టుంటుంది వ్యవహారం.

పుట్టలన్నీ ఒకటి కావు

అలాగని సరుకు ఎక్కువున్న ప్రతి ఆటా చెడ్డదేనా? కాదు. ‘ట్రైన్ సిమ్యులేటర్’ను తీసుకోండి. ఇందులో రకరకాల రైలు మార్గాలు, ఇంజన్లు విడివిడిగా అమ్ముతారు. మొత్తం కొనాలంటే వేల డాలర్లు కావాలి. కానీ మొత్తం కొనమని ఎవరూ అడగరు. రైళ్లంటే ఇష్టమున్నవాడు తనకు నచ్చిన మార్గం, తనకు నచ్చిన ఇంజను కొనుక్కుంటాడు. బొమ్మరైళ్లు పోగేసుకునే సరదా లాంటిదే ఇదీ. పక్కనున్న సరుకు కొనకపోయినా అతని ఆటకు లోటేమీ ఉండదు.

చిక్కంతా ‘నీ దగ్గర ఇది లేదు’ అని ఆట పదేపదే గుర్తుచేసినప్పుడు వస్తుంది. తాళం వేసిన తలుపు ఎదురుగా ఉంటుంది. తెరవబోతే ధరల పట్టిక వస్తుంది. అప్పటిదాకా హాయిగా ఆడుతున్నవాడికి తన ఆట సగమే అనిపించడం మొదలవుతుంది. మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేస్తే తప్ప తృప్తి కలగని ఆటగాళ్లు చాలామంది. ఈ పోటు వాళ్లకు మరీ ఎక్కువ.

కొత్తవాళ్ల అవస్థ ఇంకోటి. చరిత్రలోని రాజ్యాలను నడిపించే ‘యూరోపా యూనివర్సాలిస్-4’ 2013లో వచ్చింది. ఏళ్ల తరబడి దానికి అదనపు భాగాలు వస్తూనే ఉన్నాయి. ఏది ముందు కొనాలో, ఏది లేకపోయినా ఫర్వాలేదో తెలుసుకోవడమే కొత్త ఆటగాడికి ఓ పరీక్ష. చివరికి 2021 మార్చిలో కంపెనీయే నెలకు అయిదు డాలర్ల చందా పద్ధతి పెట్టి, అన్నీ కలిపి ఆడుకోవచ్చంది. గడప దగ్గరే జనం బెదిరిపోతుంటే అంగడికి మాత్రం లాభమేముంది!

స్నేహితులతో ఆడే ఆటల్లో కథ వేరు. తుపాకుల యుద్ధాల ‘కాల్ ఆఫ్ డ్యూటీ’కి చాలా ఏళ్లపాటు కొత్త మైదానాలను మ్యాప్ ప్యాకుల పేరుతో అమ్మారు. నలుగురు మిత్రుల్లో ముగ్గురు కొని, ఒకరు కొనకపోతే ఆ మైదానంలో నలుగురూ కలిసి ఆడలేరు. కొనలేనివాడు గట్టుమీద కూర్చోవాల్సిందే. ఇది గమనించే 2016లో వచ్చిన ‘టైటన్‌ఫాల్-2’ కొత్త మ్యాపులను అందరికీ ఉచితంగా ఇచ్చింది. 2019 నాటి ‘మోడరన్ వార్‌ఫేర్’తో కాల్ ఆఫ్ డ్యూటీ కూడా అదే దారి పట్టింది. మైదానాల బదులు తుపాకుల రంగులూ, సైనికుల వేషాలూ అమ్ముకుంది.

డబ్బు పెట్టి కొన్నది కలకాలం ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఆన్‌లైన్ ఆట ‘డెస్టినీ-2’ నుంచి 2020 నవంబరులో పాత భాగాలను కొన్నింటిని తీసేశారు. వాటిలో ‘కర్స్ ఆఫ్ ఓసిరిస్’, ‘వార్‌మైండ్’ అనే రెండు భాగాలు జనం విడిగా డబ్బు చెల్లించి కొన్నవే. ఆట బరువు మరీ పెరిగిపోయిందన్నది కంపెనీ మాట. కారణం ఏదైతేనేం, కొన్నవాడి చేతిలో మిగిలింది జ్ఞాపకమే.

విసుగు పెట్టి వసూలు

అన్నింటికన్నా పెద్ద గొడవ 2017 నవంబరులో జరిగింది. ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్-2’లో డార్త్ వేడర్ పాత్రతో ఆడాలంటే 60 వేల క్రెడిట్లు సంపాదించాలి. అందుకు దాదాపు 40 గంటలు ఆడాలని ఓ ఆటగాడు లెక్క తేల్చాడు. మరోపక్క డబ్బు పోస్తే పాత్రల బలం పెంచే లూట్ బాక్సులు కొనుక్కోవచ్చు. లోపల ఏముందో తెరిచేదాకా తెలియని లాటరీ పెట్టెలవి. అంత కష్టపడితేనే కదా సాధించామన్న తృప్తి అని ఈఏ కంపెనీ రెడిట్‌లో సమర్థించుకుంది. ఆ జవాబుకు దాదాపు 6 లక్షల 83 వేల వ్యతిరేక ఓట్లు పడి, గిన్నిస్ రికార్డుకెక్కింది. విడుదలకు ముందురోజు రాత్రి కంపెనీ దిగొచ్చి కొనుగోళ్లను ఆపేసింది.

ఆటగాళ్ల కోపం అర్థమయ్యేదే. ఆటలో కష్టం ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ ఆ కష్టం డబ్బు కట్టించడానికే పెట్టారేమో అన్న అనుమానం ఒక్కసారి మొలిచిందంటే, ఆపైన గెలుపూ రుచించదు. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు జూదమేనని తేల్చింది. ఆ తర్వాత ‘ఫిఫా’ ఆటలో పాయింట్ల అమ్మకాన్ని ఆ దేశంలో ఆపేశారు.

కంపెనీల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. పెద్ద ఆట తీయాలంటే వందలమంది ఏళ్ల తరబడి పనిచేయాలి. అదనపు సరుకు అమ్మకాలే చాలా పాత ఆటలను బతికించాయి. అయితే నిండుగా ఇచ్చి కూడా డబ్బు సంపాదించొచ్చని ‘విచర్-3’ చూపించింది. 2015లో ఆ ఆటకు 16 చిన్న డీఎల్‌సీలను ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత డబ్బుకు అమ్మిన రెండు పెద్ద కథల్లో రెండోదైన ‘బ్లడ్ అండ్ వైన్’ను జనం ఆనందంగా కొన్నారు. అడిగిన ధరకు తగ్గ సరుకుంటే గొడవెందుకు?

ఇంట్లో ఫోనుంటే...

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోవడానికి లేదు. చేతిలో ఫోనుంటే చాలు, అంగడి ఇంట్లోకి వచ్చినట్టే. ఒక్క బటన్‌తో అనుకోకుండా కొనిపించేలా చేసిందనీ, పిల్లలు పెద్దల అనుమతి లేకుండానే కొనగలిగేలా ఉంచిందనీ ‘ఫోర్ట్‌నైట్’ తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2022 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆటగాళ్లకు తిరిగిచ్చేందుకు ఆ కంపెనీ 24.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గురి డబ్బు ఒడ్డి డబ్బు గెలుచుకునే ఆటల మీదే. గుర్రానికి కవచం అమ్మేవాళ్ల మీద కాదు. కాబట్టి కాపలా ఇంటి పెద్దలదే.

అదేమంత కష్టం కాదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఫ్యామిలీ లింక్ ఉంటే పిల్లల కొనుగోలు అమ్మానాన్నల అనుమతి కోసం ఆగుతుంది. ఐఫోన్‌లో ‘ఆస్క్ టు బై’ ఉంది. పిల్లల ఖాతాకు కార్డు జతచేయడం కన్నా, ఇంతని అనుకుని గిఫ్ట్ కార్డు కొనివ్వడం మేలు. ఆటలోని నాణేలనూ వజ్రాలనూ రూపాయల్లోకి మార్చి లెక్కేయడం పిల్లలకు నేర్పితే ఇంకా మేలు. నాణేల్లో చవగ్గా కనిపించిన టోపీ ఖరీదు రూపాయల్లో చూస్తే ఒక్కోసారి నిజం టోపీ కన్నా ఎక్కువే ఉంటుంది!

కొనడమే తప్పనడం కూడా సరికాదు. సినిమాకు వెళ్లినట్టే, ఇష్టమైన ఆటకు నాలుగు డబ్బులు ఖర్చుపెట్టడంలో తప్పేముంది? కొనేముందు ఓ ప్రశ్న వేసుకుంటే చాలు. ఆటలో కొత్త సరదా కోసం కొంటున్నామా, లేక ఆటే పెట్టిన విసుగును వదిలించుకోవడానికి కడుతున్నామా? మొదటిదైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. రెండోదైతే మాత్రం అదనపు సరుకు కాదు, వేరే ఆట వెతుక్కోవడమే నయం.